నిజాం చెప్పు కాదు, చందా పద్దు చూడండి

కాశీ హిందూ విశ్వవిద్యాలయం పేరెత్తగానే మనలో చాలామందికి గుర్తొచ్చే కథ ఒకటుంది. దాని వ్యవస్థాపకుడు మదన్ మోహన్ మాలవీయ చందా కోసం హైదరాబాదు నిజాం దగ్గరికి వెళ్లారట. నవాబు మండిపడి చెప్పు విసిరారట. మాలవీయ ఆ చెప్పును నడిబజారులో వేలానికి పెట్టారట. పరువు పోతుందని నిజామే పెద్ద మొత్తమిచ్చి తన చెప్పు తాను కొనుక్కున్నారట. ఏటా డిసెంబరు 25న, ఆయన జయంతి రోజున, ఈ కథ ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. ఒకరు చెప్పే దాంట్లో నిజాం చెప్పు విసిరేస్తే, ఇంకొకరి దాంట్లో మాలవీయే దాన్ని అడిగి పట్టుకెళ్తారు. మరొకరి దాంట్లో శవయాత్రలో చల్లిన చిల్లర ఏరుకుంటారు. ఏ నిజామో ఉండదు, ఏ సంవత్సరమో ఉండదు, వేలంలో పలికిన ధర చెప్పేవాళ్లను బట్టి మారిపోతుంది.

పద్దులో కనిపించేది వేరే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ విశ్వవిద్యాలయానికి లక్ష రూపాయలు విరాళం ఇచ్చారు. చెప్పుల ప్రసక్తి లేదు, వేలమూ లేదు.

ఈ కథ మీద నా అభ్యంతరం అది కల్పితం అన్నందుకు మాత్రమే కాదు. విరాళాలు పోగుచేయడమంటే గడుసుతనం, సమయస్ఫూర్తి అన్న భ్రమ కలిగిస్తుంది. కోటి రూపాయల లక్ష్యంతో బయల్దేరి, అందులో సగాన్ని చట్టం ప్రకారం శాశ్వత నిధిగా కట్టుదిట్టం చేయించిన మనిషి చేసిన పని అది కాదు. ఇంకో నష్టం కూడా ఉంది. మాలవీయ జీవితంలో రెండు ముఖాలున్నాయని, ఒకటి చందాల పండితుడిదని, రెండోది జైలుకెళ్లిన కాంగ్రెస్ నాయకుడిదని విడివిడిగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. నా ఉద్దేశంలో ఈ రెండూ ఒకే పని. ఆయన డబ్బు ఎలా పోగుచేశారో, ఎక్కడ దాచారో, ఎవరి చేతికి అందకుండా దాచారో తెలిస్తేనే, 68 ఏళ్ల వయసులో వైస్ ఛాన్సలర్ పదవిలో ఉండగా జైలుకు ఎలా వెళ్లగలిగారో అర్థమవుతుంది.

మొదలు అంత జోరుగా ఏమీ లేదు. 1904లో కాశీలో మింట్ హౌస్‌లో కాశీ మహారాజు ప్రభునారాయణ సింగ్ అధ్యక్షతన జరిగిన సభలో మాలవీయ తన ఆలోచన బయటపెట్టారు. 1905లో కాశీలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ప్రణాళిక పుస్తకాన్ని పంచారు. 1906 జనవరిలో అలహాబాదులో సనాతన ధర్మ మహాసభ దాన్ని ఆమోదించింది. తర్వాత దాదాపు అయిదేళ్లు బండి కదల్లేదు.

ఎందుకు కదల్లేదన్నది విరాళాల పని చేసేవాళ్లకు చాలా పనికొచ్చే విషయం. అప్పటికి ఆయన అలహాబాదు హైకోర్టులో ప్రాక్టీసున్న వకీలు. పని మిగిల్చిన సాయంత్రాల్లో అడిగితే చందా రాదు. రెండోది, కాశీలోనే మరో రెండు ఆలోచనలు పోటీగా ఉన్నాయి. 1898లో సెంట్రల్ హిందూ కాలేజీ పెట్టిన అనీ బిసెంట్ దాన్ని విశ్వవిద్యాలయంగా పెంచాలనుకుంటున్నారు. దర్భంగా మహారాజు రామేశ్వర్ సింగ్‌కు మరో పథకం ఉంది. ఒకే ఊరికి ముగ్గురు మూడు పుస్తకాలు పట్టుకుని తిరిగితే దాత ఎవరికీ ఇవ్వడు, మీలో మీరు తేల్చుకుని రండి అంటాడు. అది పిసినారితనం కాదు, న్యాయమైన మాటే. మూడోది, ప్రభుత్వం అనుమతిస్తుందో లేదో తెలియదు. పట్టాలిచ్చే అధికారం లేని సంస్థకు లక్ష రూపాయలివ్వడానికి ఏ సంస్థానాధీశుడైనా జంకుతాడు.

1911లో ఈ మూడు ముళ్లూ ఒక్కొక్కటే విడిపోయాయి. ఆయన వకాలతు వదిలేశారు. బిసెంట్‌తో రాజీ కుదిరింది: ఆమె కాలేజీ కొత్త విశ్వవిద్యాలయానికి పునాది అవుతుంది. దర్భంగా మహారాజు తన పథకం పక్కన పెట్టి ఇటు కలవడమే కాదు, అయిదు లక్షల రూపాయల విరాళంతో ముందు వరుసలో నిలబడ్డారు. డిసెంబరులో హిందూ యూనివర్సిటీ సొసైటీ రిజిస్టరైంది. అంటే చందా ఇక మాలవీయ పేరు మీద కాక, పద్దులు చూపించక తప్పని ఒక సంఘం పేరు మీద జమవుతుంది. చందా అడగడానికి వెళ్లే ఎవరైనా ముందు చేయవలసిన పని ఇదే, చాలామంది చివరికి వదిలేసేదీ ఇదే. రసీదు మీద మనిషి పేరుంటే ఆ మనిషి మీద అనుమానం వచ్చిన రోజున చందా ఆగుతుంది. ఆ మనిషిని పోలీసులు పట్టుకెళ్లిన రోజున మొత్తం ఆగుతుంది.

వైస్రాయి కౌన్సిల్లో విద్యాశాఖ చూసే హార్కోర్ట్ బట్లర్ పెట్టిన షరతులూ అప్పుడే వచ్చాయి. హిందువులంతా ఒక్క గొంతుతో రావాలి. ఆర్థికంగా గట్టిగా ఉన్న కాలేజీ ఒకటి పునాదిగా ఉండాలి. విద్యార్థులు అక్కడే ఉండి చదువుకునే విశ్వవిద్యాలయం కావాలి. అలీగఢ్‌లో పెట్టాలనుకుంటున్న ముస్లిం విశ్వవిద్యాలయానికి ఆలోచిస్తున్నంత ప్రభుత్వ పర్యవేక్షణ దీనికీ ఉండాలి. వీటన్నిటి మధ్యలో ఇంకొకటి: ఈ ఉద్యమం పూర్తిగా విద్యకు సంబంధించినదై ఉండాలి. రాజకీయం తగలకూడదన్నమాట. అప్పటికే 1909లో లాహోర్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన మనిషి ముందు పెట్టిన షరతు ఇది. ఆయన ఒప్పుకున్నారు. తర్వాత పాతికేళ్లపాటు ఆ షరతు ఆయన మెడ మీదే ఉంది.

ఇక వసూలు సంగతి. దగ్గరికెళ్లి చూస్తే ఈ పనిలో నాటకీయత ఏమీ కనిపించదు. ముందు పెద్ద దాత. దర్భంగా మహారాజు పేరు పట్టీలో మొదట ఉంటే, రెండో మహారాజు తన హోదాకు తగ్గకుండా అంకె వేస్తారు. అందుకే ప్రతినిధి బృందంలో మహారాజునే వెంటబెట్టుకుని రైలెక్కి ఊరూరా తిరిగారు. సంస్థానానికి వెళ్లేటప్పుడు వకీలు ఒక్కడే వెళ్తే దివాను దగ్గర ఆగిపోతాడు. సాటి రాజు వస్తే దర్బారు తలుపు తీయక తప్పదు. ఊళ్లో బహిరంగ సభ పెట్టి అక్కడికక్కడే అంకెలు చదివించడం తర్వాతి మెట్టు. ఆ తర్వాత ఆ పట్టీని పత్రికలో అచ్చు వేయించడం. 1909లో ఆయనే స్థాపించిన లీడర్ పత్రిక ఉండనే ఉంది. పేరు అచ్చయ్యాక వెనక్కి తగ్గడం కష్టం.

అయినా తగ్గేవాళ్లు తగ్గుతారు. సభలో చప్పట్ల మధ్య చదివిన అంకెకీ బ్యాంకులో జమైన అంకెకీ మధ్య ఎప్పుడూ ఒక అగాధం ఉంటుంది. రాజుగారు కాలం చేస్తే వారసుడికి ఆ మాట గుర్తుండదు. జమీందారు మైనరైతే ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతికి పోతుంది, అక్కడ కలెక్టరు సంతకం లేకుండా రూపాయి కదలదు. సంస్థానంలోనైతే బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధిగా ఉండే రెసిడెంటు మొహం చూడాలి. వర్షాలు లేని ఏడాది శిస్తు రాదు, శిస్తు రాకపోతే చందా రాదు. వసూళ్లు సాగుతుండగానే మొదటి ప్రపంచ యుద్ధం కూడా వచ్చిపడింది, రాజులంతా యుద్ధ నిధికి ఇవ్వాల్సి వచ్చింది. అందుకే హామీ ఇచ్చిన చోటికే రెండోసారి, మూడోసారి పోవాలి. మొదటిసారి అడగడానికి వాక్చాతుర్యం కావాలి, మూడోసారి అడగడానికి మరోటి కావాలి. మాలవీయలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఆ మరోటే: దాతను నొప్పించకుండా, తాను చిన్నబుచ్చుకోకుండా, బాకీ గుర్తు చేయగలగడం.

రూపాయి, అర్ధరూపాయి చందాలూ తీసుకున్నారు. లెక్కలో వాటి వాటా తక్కువే. విశ్వవిద్యాలయం నిలబడింది లక్షల విరాళాల మీద, ఆ మాట దాచనక్కర్లేదు. కానీ చిన్న చందాకు వేరే విలువ ఉంది. లక్ష ఇచ్చిన దాత విశ్వవిద్యాలయ కౌన్సిల్లో కుర్చీ అడుగుతాడు, హాస్టలుకు తండ్రి పేరు పెట్టమంటాడు, వైస్ ఛాన్సలర్ ఊరేగింపులో కనిపిస్తే సంజాయిషీ కోరతాడు. రూపాయి ఇచ్చినవాడు అలాంటి ఉత్తరం రాయడు. ఊరేగింపులో పక్కనే నడుస్తాడు. ప్రభుత్వం ఈ సంస్థ జోలికి వస్తే ఎంతమందికి నొప్పి పుడుతుందో ఆ పట్టీలే చెబుతాయి.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే భాగానికి వస్తాను. ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్ 1915 అక్టోబరు 1న బనారస్ హిందూ యూనివర్సిటీ చట్టాన్ని ఆమోదించింది. 1916 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కౌన్సిల్లో సభ్యుడిగా మాలవీయ అక్కడే ఉన్నారు. ఆ చట్టంలో శాశ్వత నిధి గురించి ఒక సెక్షన్ ఉంది. అయిదు పది వాక్యాల సెక్షన్. ఏడాదేడాదికీ అయ్యే ఖర్చుల కోసం విశ్వవిద్యాలయం 50 లక్షల రూపాయలను, ట్రస్టు సొమ్ము పెట్టదగిన సెక్యూరిటీల్లో పెట్టి, ఎప్పటికీ అలాగే ఉంచాలి. స్కాలర్‌షిప్పులు, బహుమతుల ఖర్చు ఇందులోకి రాదు. ప్రభుత్వ సెక్యూరిటీలను ముఖ విలువకే (కాగితం మీద రాసిన విలువకే) లెక్కగట్టాలి. సంస్థానాధీశులు శాశ్వతంగా ఏటా ఇస్తామన్న గ్రాంట్లకూ, విశ్వవిద్యాలయానికి రాసిచ్చిన స్థిరాస్తి ఆదాయానికీ మూలధన విలువ కట్టి, ఆ మేరకు 50 లక్షల్లోంచి తగ్గించుకోవచ్చు.

పొడి పొడిగా కనిపించే ఈ వాక్యాల్లో ఎంత తెలివి ఉందో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆ రోజుల్లో ప్రభుత్వ ప్రామిసరీ నోట్ల (అప్పు పత్రాల) మీద వడ్డీ మూడున్నర శాతం. 50 లక్షలూ అందులోనే పెడితే ఏటా 1,75,000 రూపాయలు వస్తాయి. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకున్న వార్షిక గ్రాంటు లక్ష రూపాయలు. అంటే గ్రాంటు ఆగిపోయినా మూలనిధి వడ్డీ ఒక్కటే దానికి దాదాపు రెట్టింపు. ముఖ విలువ నిబంధన ఎందుకంటే, యుద్ధకాలంలో ప్రభుత్వ కాగితాల బజారు ధర పడిపోతుంది. బజారు ధరకు లెక్కగడితే ప్రతి ఏడాదీ నిధి తక్కువైందని ఎవరో ఒకరు అభ్యంతరం లేవదీస్తారు. ఆ తలుపు ముందే మూసేశారు.

వార్షిక గ్రాంట్ల సంగతి చూడండి. జోధ్‌పూర్ దర్బారు రెండు లక్షల రూపాయలతో పాటు, సాంకేతిక విద్యలో ఒక ఆచార్య పదవికి ఏటా 24,000 రూపాయలు శాశ్వతంగా ఇస్తామంది. మూడున్నర శాతం వడ్డీ లెక్కన చూస్తే ఏటా 24,000 రావాలంటే దాదాపు 6,85,000 రూపాయల మూలధనం కావాలి. ఖజానాలోంచి ఒకేసారి అంత తీసివ్వడం ఏ రాజుకైనా కష్టం. ఏటా 24,000 ఇవ్వడం తేలిక. దాతకు తేలికైన మాట, చట్టం దృష్టిలో ఏడు లక్షలకు దగ్గరైన మాట. దాత మనసు తెలిసినవాళ్లు తప్ప మరెవరూ ఇలాంటి సెక్షన్ రాయించలేరు. నష్టమూ ఉంది: శాశ్వతం అని రాసినా వార్షిక గ్రాంటు ప్రతి ఏడాదీ మళ్లీ వసూలు చేసుకోవాల్సిందే. చేతికొచ్చిన మూలధనంతో అది సాటి కాదు.

చట్టంలో ప్రభుత్వానికి దక్కింది కూడా తక్కువేం కాదు. గవర్నర్ జనరల్ లార్డ్ రెక్టర్. సంయుక్త రాష్ట్రాల (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) లెఫ్టినెంట్ గవర్నర్ విజిటర్. తనిఖీ చేసే అధికారం, చట్టానికి విరుద్ధమనిపించిన చర్యను రద్దు చేసే అధికారం ఆ కుర్చీలకు ఉన్నాయి. మొదటి ఛాన్సలర్ మైసూరు మహారాజు. ప్రభుత్వం చేతిలో పగ్గాలున్నాయి, కాకపోతే మూలధనం తాళం మాత్రం దాని చేతిలో లేదు. నా వాదనంతా ఈ ఒక్క వాక్యం మీదే నిలబడుతుంది.

ఈ కట్టడికి తొలి పరీక్ష చట్టం ఇంకా అమలు కాకముందే వచ్చింది. 1916 ఫిబ్రవరి 4న వైస్రాయి హార్డింజ్ శంకుస్థాపన చేశారు. వరుసగా జరిగిన ఉత్సవాల్లో ఫిబ్రవరి 6న గాంధీ మాట్లాడారు. వేదిక మీద, సభలో నగలతో మెరుస్తున్న రాజులు. ఈ నగలు ఒలిచి దేశ ప్రజల కోసం ధర్మకర్తల్లా దాచకపోతే ఈ దేశానికి విముక్తి లేదన్నారాయన. వైస్రాయి కోసం వీధుల నిండా నిలిపిన పోలీసుల గురించి, బాంబులు వేసే యువకుల గురించి మాట్లాడారు. బిసెంట్ మధ్యలో ఆపమన్నారు. విద్యార్థులు కొనసాగించమన్నారు. రాజులు లేచి వెళ్లిపోయారు, సభ అర్ధాంతరంగా ముగిసింది. ఆ సభకు అధ్యక్షత వహించింది అయిదు లక్షలు ఇచ్చిన దర్భంగా మహారాజే.

చందాలు పోగుచేసే మనిషికి ఇంతకన్నా గడ్డుకాలం ఉండదు. దాతలను అతిథులుగా పిలిచి, అదే వేదిక మీద దులిపేస్తే ఏమవుతుంది? హామీల మీద నడిచే సంస్థ అయితే అక్కడితో సరి. కానీ అప్పటికి చట్టం వచ్చేసింది, నిధి సొసైటీ పద్దులో జమై ఉంది. నొచ్చుకున్న రాజు కొత్త చందా మానేయగలడు, ఇచ్చింది వెనక్కి తీసుకోలేడు.

1919లో రౌలట్ చట్టం వచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చే ఆ చట్టానికి నిరసనగా మాలవీయ కౌన్సిల్ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. జిన్నా, మజహరుల్ హక్ కూడా ఇచ్చారు. అదే ఏడాది చివర్లో ఆయన విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ అయ్యారు. సుందర్ లాల్, పి.ఎస్. శివస్వామి అయ్యర్ తర్వాత మూడో వైస్ ఛాన్సలర్. 1938 దాకా ఆ కుర్చీలో ఉన్నారు.

ఆ కుర్చీ ఖరీదు 1920-21లో తెలిసొచ్చింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాలయాలు వదిలి రండని గాంధీ పిలుపిచ్చారు. మాలవీయ ఒప్పుకోలేదు. ఆచార్య కృపలానీ విశ్వవిద్యాలయం వదిలి బయటికొచ్చారు. 1921 ఫిబ్రవరిలో శివప్రసాద్ గుప్తా ఇచ్చిన సొమ్ముతో, భగవాన్ దాస్ నాయకత్వంలో అదే కాశీలో కాశీ విద్యాపీఠం పుట్టింది. అదే ఏడాది డిసెంబరులో, దేశమంతా వేల్స్ యువరాజు రాకను బహిష్కరిస్తుంటే, నెహ్రూ తండ్రీకొడుకులు జైల్లో ఉంటే, హిందూ విశ్వవిద్యాలయం యువరాజుకు గౌరవ పట్టా ఇచ్చింది. నేను దీన్ని సమర్థించను. బట్లర్ షరతుకు, సంస్థానాధీశుల మొహమాటానికి చెల్లించిన మూల్యం అది. అది తప్పని ఆనాడే ఆయనకు దగ్గరివాళ్లు అన్నారు.

అయితే ఆ ఒక్క దృశ్యం చూసి ఆయన్ను ప్రభుత్వ పక్షం మనిషి అనేస్తే అది అన్యాయం. 1923 జనవరిలో చౌరీచౌరా కేసులో సెషన్స్ కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేసింది. పన్నెండేళ్ల క్రితం వదిలేసిన వకీలు కోటు మాలవీయ మళ్లీ తొడిగి హైకోర్టులో వాదించారు. చివరికి ఉరి ఖాయమైంది 19 మందికి. ఒక విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్, పోలీసు స్టేషను తగలబెట్టిన కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డారంటే, గ్రాంటు ఇచ్చేవాళ్లు ఏమనుకుంటారో తెలియక కాదు.

1930 ఆగస్టు 1. తిలక్ వర్ధంతి. బొంబాయిలో ఊరేగింపును బోరీబందర్ దగ్గర పోలీసులు ఆపేశారు. జనం రోడ్డు మీదే కూర్చున్నారు. వాన. రాత్రంతా కూర్చున్నారు. వల్లభాయ్ పటేల్ తదితరులతో పాటు మాలవీయ కూడా కూర్చున్నారు. తెల్లవారి అరెస్టులు. కోర్టు మాలవీయకు వంద రూపాయల జరిమానా, కట్టకపోతే జైలు అంది. ఆయన కట్టలేదు. ఎవరో కట్టేయడంతో బయటికి రావలసి వచ్చింది. అదే నెల చివర్లో ఢిల్లీలో డాక్టర్ అన్సారీ ఇంట్లో కాంగ్రెస్ కార్యవర్గం సమావేశమైంది. అప్పటికే ఆ కార్యవర్గాన్ని చట్టవిరుద్ధమని ప్రకటించారు. అందరినీ అరెస్టు చేసి ఆరు నెలల శిక్ష వేశారు. ఈసారి డబ్బు కట్టి విడిపించే వీలు లేదు.

ఆయన్ను అలహాబాదు పక్కనున్న నైనీ జైలుకు తెచ్చారు. అక్కడ జవహర్‌లాల్ నెహ్రూ, ఆయన బావగారు రంజిత్ పండిత్ ఉన్నారు. డెబ్భైకి దగ్గరపడ్డ మాలవీయ రంజిత్ దగ్గర జర్మన్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఒక క్రమంలో, పాఠం పాఠంగా. ఆ జ్ఞాపకశక్తి చూసి నెహ్రూ ఆశ్చర్యపోయారు. జైల్లో రాజకీయ ఖైదీలకు కొరడా దెబ్బలు వేశారన్న కబురు వచ్చినప్పుడు మాలవీయ తల్లడిల్లి, సంయుక్త రాష్ట్రాల తాత్కాలిక గవర్నరుకు ఉత్తరం రాశారు. కొన్నాళ్లకే జబ్బుపడ్డారు. ఆ జైలు పరిస్థితుల్లో చలి తట్టుకోలేకపోయారు. జబ్బు ముదిరితే ఊళ్లో ఆసుపత్రికి మార్చారు, శిక్ష పూర్తికాకముందే విడుదల చేశారు.

ఆ గవర్నరు పదవి సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. లెఫ్టినెంట్ గవర్నర్ స్థానంలో వచ్చిన పదవి అది, విశ్వవిద్యాలయ చట్టం ప్రకారం విజిటర్ ఆ కుర్చీయే. అంటే ఖైదీ మాలవీయ కొరడా దెబ్బల గురించి నిలదీస్తూ రాసింది, వైస్ ఛాన్సలర్ మాలవీయ సంస్థను తనిఖీ చేసే అధికారం ఉన్నవారికి. గ్రాంటు పోతుందన్న భయం కలాన్ని ఆపలేదు. ఆయన లేని నెలల్లో విశ్వవిద్యాలయం మూతపడలేదు. 1920 నుంచి ప్రో వైస్ ఛాన్సలర్‌గా ఉన్న ఆనందశంకర్ ధ్రువ రోజువారీ పని నడిపించారు. జీతాలకు మూలనిధి వడ్డీ ఉంది. 1919లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ నడిచింది, 1929లో పెట్టిన మహిళా కళాశాల నడిచింది.

అదే ఏడాది మన దగ్గర జరిగింది దీని పక్కన పెట్టి చూడాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, ప్రభుత్వ దమననీతికి నిరసనగా పదవికి రాజీనామా ఇచ్చారు. ఆ పదవికి రాధాకృష్ణన్ వచ్చారు. మాలవీయ జైలుకెళ్లి కూడా పదవిలో ఉన్నారు, కట్టమంచి జైలుకెళ్లకుండానే పదవి వదిలేశారు. ఎవరి ధైర్యం ఎక్కువ అన్న చర్చ నాకు అనవసరం అనిపిస్తుంది. 1930 నాటికి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నిండా నాలుగేళ్లు. బెజవాడ నుంచి వాల్తేరుకు అప్పుడే మారుతోంది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ పేరు మీద వచ్చిన సైన్సు కళాశాల ఇంకా తర్వాతి మాట. మద్రాసు ప్రభుత్వం మీద అంతగా ఆధారపడ్డ సంస్థలో వైస్ ఛాన్సలర్ ప్రభుత్వాన్ని ఎదిరించి కుర్చీలో కూర్చుంటే దెబ్బ సంస్థకు తగులుతుంది. కాబట్టి తప్పుకోవడమే ఆయనకున్న మార్గం. కట్టమంచి 1936లో తిరిగొచ్చి 1949 దాకా నడిపారు, ఆ మాటా చెప్పుకోవాలి. తేడా మనుషుల్లో కన్నా పద్దుల్లో ఎక్కువ ఉందంటాను.

జైలు నుంచి వచ్చాక రాజులు మొహం చాటేశారా? అదీ లేదు. 1931 మార్చిలో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో విశ్వనాథ ఆలయానికి శంకుస్థాపన జరిగింది, బిర్లాల సాయంతో. ఆ ఏడాదే రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లిన మాలవీయ బ్రిటిష్ మ్యూజియం పఠన మందిరం చూసి, అలాంటి గ్రంథాలయం కాశీకి కావాలనుకున్నారు. బరోడా మహారాజు సయాజీరావ్ గైక్వాడ్ విరాళంతో ఆ భవనం లేచింది. ఇప్పటికీ గైక్వాడ్ గ్రంథాలయమనే అంటారు. 1932 ఏప్రిల్‌లో ఢిల్లీ కాంగ్రెస్‌కు అధ్యక్షుడిగా వెళ్తుంటే దారిలో అరెస్టు చేశారు. 1933లో కలకత్తా కాంగ్రెస్‌కు వెళ్తుంటే ఆసన్‌సోల్‌లో పట్టుకున్నారు. ఆ రెండు సభలూ ఆయన లేకుండానే జరిగాయి, కలకత్తాలో నెల్లీ సేన్‌గుప్తా అధ్యక్షత వహించారు.

లోపాలు చెప్పకపోతే ఈ వ్యాసానికి విలువ లేదు. మాలవీయ పోగుచేసిన దానికన్నా వేగంగా కట్టారు. దాదాపు 1,300 ఎకరాల ప్రాంగణంలో అర్ధవలయాలుగా వీధులు వేసి, ఒక కాలేజీ తర్వాత ఒకటి, ఒక హాస్టలు తర్వాత ఒకటి. దాత భవనానికిస్తాడు, ఆ భవనంలో దీపం వెలిగించడానికి ఇవ్వడు. పైకప్పుకిచ్చినవాడు అటెండరు జీతానికివ్వడు. ఇది అన్ని విశ్వవిద్యాలయాలకూ ఉన్న జబ్బే. కొత్త భవనం వచ్చిన ప్రతిసారీ నడుపుబడి ఖర్చు పెరుగుతుంది, వడ్డీ మాత్రం అంతే ఉంటుంది. మైనింగు, మెటలర్జీ, ఫార్మసీ అంటూ దేశంలో ఎక్కడా లేని శాఖలు తెరిచారు. వాటికి ప్రయోగశాలలు కావాలి, పరికరాలు విదేశాల నుంచి రావాలి. ఫలితంగా అప్పులు. వచ్చే ఏడాది వసూలవుతుందన్న నమ్మకంతో ఈ ఏడాది ఖర్చుపెట్టడం ఆయన బలహీనత. భవనానికి తీసుకునే ప్రతి రూపాయికీ దాని నిర్వహణ కోసం మరికొంత మూలనిధిలో వేయాలని దాతతో ముందే ఒప్పించి ఉంటే, ముసలితనంలో అంత తిరగాల్సి వచ్చేది కాదు.

రెండో లోపం, ఆయన పేరుకీ సంస్థకీ మధ్య గీత చెరిగిపోవడం. చట్టంలో సొసైటీ, కోర్టు (విశ్వవిద్యాలయ పాలక సభ), కౌన్సిల్ అన్నీ ఉన్నా, ఆచరణలో దాతలు మాలవీయ మొహం చూసే ఇచ్చేవాళ్లు. ఆయన పక్కన నిలబడి అదే పని నేర్చుకున్న రెండో తరాన్ని తయారు చేయలేదు. 1938లో ఆరోగ్యం చెడి తప్పుకునే నాటికి వెతుక్కోవాల్సి వచ్చింది, చివరికి రాధాకృష్ణన్‌ను ఒప్పించి తెచ్చుకున్నారు.

ఆ మరుసటి పరీక్ష రాధాకృష్ణన్ హయాంలోనే వచ్చింది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమంలో విద్యార్థులు దూకడంతో సైన్యం ప్రాంగణంలోకి వచ్చి కూర్చుంది, విశ్వవిద్యాలయం మూతపడింది. ప్రాంగణాన్ని యుద్ధ ఆసుపత్రిగా మార్చేస్తామన్న మాట గవర్నరు నుంచి వచ్చింది. రాధాకృష్ణన్ ఢిల్లీ వెళ్లి వైస్రాయితో మాట్లాడి దాన్ని ఆపించారు. తర్వాత మాలవీయ పాత చందా పుస్తకం పట్టుకుని దాతల దగ్గరికి ఆయనే బయల్దేరారు. మూలనిధి జోలికి వెళ్లాలంటే మాత్రం ముందు 1915 నాటి చట్టాన్ని మార్చాలి.